పాటకు కాళ్లు పెట్టిన మనిషి

మొన్న సాయంత్రం బడి నుంచి ఇంటికి వస్తుంటే, జనగామ స్టేషన్ రోడ్డు మీద నేనెక్కిన ఆటో ఒక పెళ్లి ఊరేగింపు వెనుక ఇరుక్కుపోయింది. ముందు డీజే బండి, దాని వెనుక ఎగిరేవాళ్లు, ఆ వెనుక గుర్రం మీద పెళ్లికొడుకు, అందరికంటే వెనుక మేము. ఏదో సినిమా పాట అయిపోయింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత డప్పు మొదలైంది. డప్పు మీదికి నా గొంతు వచ్చింది.

బొగ్గు బాయికి పోయినోడా
బువ్వ యాళ్లకు రారాదా...

పెళ్లికొడుకు చెల్లెలు కాబోలు, పట్టు లంగా కట్టుకున్న అమ్మాయి చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని మరీ ఎగరడం మొదలుపెట్టింది. అప్పటిదాకా పక్కన నిలబడిన పెద్దవాళ్లు కూడా చప్పట్లు కొడుతూ వలయంలోకి వచ్చారు. ఆటో అతను హ్యాండిల్ మీద వేళ్లతో దరువు వేస్తూ నా వైపు తిరిగాడు.

"పాత పాటనే మేడమ్. ఉద్యమం అప్పటిది. గని గీ బీటు పడితే కూసోబుద్ధి కాదు."

"ఎవరు పాడిండ్రో తెలుసా?"

"ఎవరో పాతామె. ఉందో లేదో."

నాకు నవ్వొచ్చింది. ఉన్నానని చెప్పలేదు. ఈ మాట వెంటనే ఫోన్ చేసి చెప్పవలసిన మనిషి ఒక్కడే. ఆయన పోయిన చలికాలం చివర్లో భూపాలపల్లిలో, కూతురింట్లో కన్నుమూశాడు. బతికి ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. "ఉందో లేదో అన్నడా? అచ్ఛా! అంటే పాట పెద్దదైంది బేటీ. ఇగ దానికి నీతోని పని లేదు," అని ఫోన్‌లోనే పగలబడి నవ్వేవాడు.

అందరూ ఆయనను భాయ్ అనేవాళ్లు. నాకు తండ్రి వయసు మనిషే, అయినా నేనూ భాయ్ అనే పిలిచాను. మహబూబాబాద్‌ను మేము మానుకోట అంటాం. మానుకోట మార్కెట్ వెనుక సందులో ఆయనకు మైకులు, బాక్సులు కిరాయికిచ్చే దుకాణం ఉండేది. లగ్గాలు అంటే పెళ్లిళ్లు, దర్గాల ఉర్సులు, వినాయకచవితి పందిళ్లు, చావుకు పెట్టే భజనలు, అన్నింటికీ ఆయన బాక్సులే. తెలంగాణ ఉద్యమం రోజుల్లో సభలకు, రాస్తారోకోలకు కూడా ఆయన బండే వచ్చేది. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పట్టుకారు ఉండేది. దాని బరువుకు ఆ జేబు కిందికి జారి, చొక్కా ఒక పక్కకు వంగిపోయినట్టు కనపడేది. ఎడమ చెవిలో దూది. ఏళ్ల తరబడి బాక్సుల పక్కన నిలబడి ఆ చెవి సగం పోయిందని చెప్పేవాడు. మాట్లాడుతున్నంతసేపూ అరచేతికీ మోచేతికీ మధ్య వైరు చుడుతూనే ఉండేవాడు. అవసరం లేకపోయినా చుట్టేవాడు, విప్పేవాడు, మళ్లీ చుట్టేవాడు.

మైకు కూత పెట్టినప్పుడు అందరూ చెవులు మూసుకునేవాళ్లు. ఆయన మాత్రం దగ్గరికి పోయి, "ఊకో, ఊకో. ఏం కష్టమొచ్చింది నీకు?" అని బుజ్జగిస్తూ దాని తల పక్కకు తిప్పేవాడు. నాయకులు మరీ ఎక్కువసేపు మాట్లాడితే ఆయన దగ్గర ఒక ఉపాయం ఉండేది. మైకులో వాళ్ల గొంతును కొంచెం కొంచెంగా తగ్గించేవాడు, ఎవరికీ అనుమానం రానంత మెల్లగా. మాట్లాడేవాడికి తన గొంతే అలసిపోయిందనిపించి, రెండు సార్లు దగ్గి, ముగించి కూర్చునేవాడు. అప్పుడు భాయ్ నా వైపు చూసి కన్ను కొట్టేవాడు.

జనం ఎట్లా ఉన్నారో చూడడానికి ఆయన వేదిక ముందు నిలబడేవాడు కాదు. గుంపు చివరకు, చాయ్ డబ్బా దగ్గరకు, ఆటోలు ఆగిన చోటికి పోయి, తల దించుకుని తిరిగేవాడు. ఏదో పారేసుకుని వెతుకుతున్నాడనుకున్నాను మొదట్లో. అడిగితే చెప్పాడు.

"మొకాలు చూస్తే మోసపోతం బేటీ. మొకం మర్యాదకు గూడ నవ్వుతది. కాళ్లు చూడాలె. చాయ్ పోసేటోని మడిమె లేసిందంటే పాట నడిచినట్టు."

నేను అప్పుడు జనగామలో ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మను. సెలవు దొరికిన రోజుల్లో మా కళాబృందంతో కలిసి సభల్లో పాడేదాన్ని. వేదిక ఎక్కేముందు మైకు పరీక్ష చేయాలి కదా. అందరూ హలో, హలో అంటారు. భాయ్‌కి అది నచ్చేది కాదు. "హలో అంటే మైకుకేం తెలుస్తది? పాడు," అనేవాడు. సభలో పాడే పాటలు ముందే పాడితే బాగుండదు. అందుకని ఎవరూ అడగని పాటొకటి పాడేదాన్ని. అదే ఈ బొగ్గు బాయి పాట.

అది మా అవ్వ పాట, మా అమ్మ పాట. మాది కొడకండ్ల దగ్గర ఊరు. మా నాయిన భూపాలపల్లిలో బొగ్గు గనిలో కాంట్రాక్టు పని చేసేవాడు. గనిని మా దిక్కు బాయి అంటారు. పదిహేను రోజులకోసారి ఇంటికి వచ్చేవాడు. వచ్చే రోజున అవ్వ పొద్దుటి నుంచే రోడ్డు వైపు చూస్తూ వండేది. పొద్దు నెత్తి మీదికి వచ్చినా మనిషి రాకపోతే, "బువ్వ యాళ్లకు రారాదా గీ మనిషి," అని తనలో తానే అనుకునేది. నేను ఏడో తరగతి చదివేటప్పుడు ఒక ఎండాకాలం నాయినకు జ్వరమొచ్చి అక్కడి దవాఖానలోనే పోయాడు. తర్వాత కూడా చాన్నాళ్లు, అలవాటు కొద్దీ, అవ్వ నోట అదే మాట వచ్చేది. అనేసి, గుర్తొచ్చి, ఊరుకునేది. పెద్దయ్యాక ఆ మాట చుట్టూ నేను పాట అల్లాను. పాట చివర్లో ఇట్లా ఉండేది:

కంచం కడిగి బోర్లేసిన
కడుపు మాడ్చుకోని కూసున్న
వచ్చే తొవ్వ నాకెరుకే
వచ్చేటోడే లేడాయె

మా బృందం ఒక సీడీ తీసినప్పుడు పెద్దన్నను బతిమాలి ఈ పాటను కూడా పెట్టించాను. పెద్దన్న అంటే బృందాన్ని నడిపించే ఆయన. రికార్డింగ్ హైదరాబాద్‌లో, ఒక చిన్న గదిలో. అద్దం అవతల కూర్చున్నాయన నా పాట మధ్యలో ఆపించాడు.

"యాళ్లకు అంటే ఎవరికి అర్థమవుతుందమ్మా? వేళకు అనండి. నీట్‌గా ఉంటుంది."

పెద్దన్న నా వైపు చూశాడు. గదికి కిరాయి గంటల లెక్కన నడుస్తోంది. నేను "వేళకు" అనే పాడాను. ఆ తర్వాత సీడీలో ఆ పాట విన్నప్పుడల్లా, ఎవరో చుట్టం పిల్ల మా ఇంట్లోకి వచ్చి మా అవ్వలాగా మాట్లాడబోతున్నట్టు అనిపించేది. సీడీలో అది చివరి పాట. అక్కడిదాకా ఎవరూ వినలేదు. సభల్లో పాడతానంటే పెద్దన్న వద్దనేవాడు. "గిది ఏడుపు పాట చెల్లె. జనాన్ని లేపాలె మనం. గిది వింటే లేసి ఇంటికి పోతరు." ఆయన మాటలో తప్పేమీ లేదు. ఆ రోజుల్లో ప్రతి పాటా పిడికిలి బిగించాలి. నా పాట ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చునేది.

భాయ్ ఒక్కడే వినేవాడు, మైకు పరీక్ష పేరుతో. విని, ఒకసారి అన్నాడు. "గీ పాటకు కండ్లున్నయి, నోరుంది. కాళ్లు లెవ్వు. అందుకే ఉన్నకాడనే ఉంటాంది."

"కాళ్లు నువ్వు పెడ్తవా?" అన్నాను ఊరికే.

ఆయన వైరు చుట్టుకుంటూ నవ్వాడు. అంతే. ఆ సంగతి నేను మర్చిపోయాను.

బయ్యారంలో సభ జరిగిన రోజు వరకూ మర్చిపోయే ఉన్నాను. సాయంత్రం పూట సభ. మాట్లాడవలసినవాళ్లు ఇంకా దారిలోనే ఉన్నారు. మా పాటలన్నీ అయిపోయాయి. జనం దుమ్ము దులుపుకుని లేస్తున్నారు, ఆడవాళ్లు పిల్లలను చంకనేసుకుంటున్నారు. పెద్దన్న మైకు పట్టుకుని కూర్చోమని బతిమాలుతున్నాడు. నేను వేదిక వెనుక మంచినీళ్లు తాగుతున్నాను. అప్పుడు బాక్సుల్లోంచి డప్పు వచ్చింది. మా బృందం డప్పు కాదు. అంతకంటే బరువుగా, నేల కింది నుంచి వచ్చినట్టు. దాని వెంట నా గొంతు. "బువ్వ యాళ్లకు" అంటోంది. వేళకు కాదు, యాళ్లకు. మానుకోటలో మైకు ముందు నేను పాడినప్పుడు ఆయన ఆ మాటను రికార్డు చేసుకుని, సీడీ పాటలో వేళకు తీసేసి, దాన్ని అతికించాడు. "రారాదా" దగ్గర పాటను ఆపి, ఆ ఒక్క మాటనే మళ్లీ మళ్లీ తిప్పాడు. రారాదా. రారాదా. రారాదా.

గ్లాసు చేతిలోనే ఉంది. వేదిక పక్కకు వచ్చి చూశాను. లేచినవాళ్లు లేచినట్టే ఆగిపోయారు. ఎక్కడో వెనుక నుంచి ఒక ఆడగొంతు, "తెలంగాణ రారాదా!" అంది. అంతే, మైదానమంతా అదే అందుకుంది. మా నాయినను పిలవడానికి అవ్వ అన్న మాట ఇన్ని వేల నోళ్ల మీద రాష్ట్రాన్ని పిలుస్తోంది. పెద్దన్న చేతులెత్తి ఎగురుతున్నాడు. ముసలివాళ్లు రుమాళ్లు తిప్పుతున్నారు. భాయ్ ఎక్కడ అని వెతికితే, దూరంగా మిర్చి బజ్జీల బండి దగ్గర, తల వంచుకుని, జనం కాళ్లు చూస్తూ నడుస్తున్నాడు.

వారం తిరగకముందే ఆ పాట ఫోన్ల నుంచి ఫోన్లకు పాకింది. ఆటోల్లో, హోటళ్లలో, బతుకమ్మ ఆటల్లో, వినాయకుడి నిమజ్జనంలో అదే. సీడీ దుకాణాల వాళ్లు మా బృందం సీడీ కావాలని పెద్దన్నకు ఫోన్లు చేశారు. మొదటి పాట కోసం కాదు, చివరి పాట కోసం. కొన్నవాళ్లు దాన్ని వేసుకుని విని, గిది గాదు, డప్పుది కావాలె అని తిరిగి తెచ్చేవాళ్లట. పెద్దన్న నన్ను చూసినప్పుడల్లా, "చెల్లె, నీ ఏడుపు పాట మనందర్ని లేపింది గద!" అనేవాడు. నాకు మాత్రం లోపల ఏదో మండుతోంది. ఒక ఆదివారం మానుకోట బస్సెక్కి, నేరుగా దుకాణానికి పోయాను.

భాయ్ ఒక బాక్సు నోరు విప్పి, లోపల తల పెట్టి కూర్చున్నాడు.

"నన్ను అడగకుంట ఎట్ల చేసినవ్ భాయ్?"

తల బయటికి తీశాడు. "అడిగితే ఇయ్యవని తెలుసు."

"గది మా అవ్వ ఏడుపు. దానికి జనం ఎగురుతాండ్రు."

"ఎగురుతలేరు బేటీ. పిలుస్తాండ్రు. ఎగురుకుంట పిలుస్తాండ్రు."

"మరి ఆఖరి చరణం ఏది? కోసి పారేసినవ్. గది లేకుంటే పాటెక్కడిది?"

ఆయన పట్టుకారు జేబులో పెట్టుకున్నాడు. ఎదురుగా కుర్చీ లాగాడు. చాయ్ తెప్పించాడు. చాయ్ వచ్చినా ఇద్దరం తాగలేదు.

"గది నాతోని కాలే," అన్నాడు చివరికి. "మా ఇంటామె రోజూ ఫోన్ చేసేది. 'ఖానే కు ఆతే క్యా?' గంతే. తినేతందుకు వస్తవా అని. ఇంకో ముచ్చట ఉండేది గాదు. వస్త, వస్త అనేటోణ్ణి. ఏ ఊర్ల లగ్గం, ఏ ఊర్ల మీటింగు, ఎప్పుడు పోవాలె ఇంటికి? ఒకసారి కొత్తగూడ దిక్కు లగ్గానికి పోయిన. అంత అడవి. ఫోన్లకు టవర్ లేదు. లగ్గం అయినంక సామానేసుకోని సగం తొవ్వ వచ్చినమో లేదో, ఫోన్ మోగుడు షురువైంది. ఆగకుంట మోగింది. పొద్దుగాల్నే ఆమెకు గుండెల నొప్పి లేసిందట. పక్కింటోళ్లు దవాఖానకు తీస్కపోయేసరికే అయిపోయింది. వాళ్లు పొద్దటిసంది నాకు ఫోన్ చేస్తనే ఉన్నరు."

బాక్సు పక్కన పడి ఉన్న వైరు అందుకున్నాడు. చుట్టలేదు. ఊరికే పట్టుకున్నాడు.

"ఇంటికి పోయేసరికి పొయ్యి మీద కూర ఉండె. నాకోసమే వండింది. అందరు నీ పాటను ఆడిమనిషి దిక్కు కెళ్లి వింటరు. నేను అటు దిక్కు కెళ్లి వింట. రానోణ్ణి నేనే గద బేటీ. వచ్చేటోడే లేడాయె అని నువ్వంటే, గా మాటను నేను బజార్ల ఎట్ల పెట్టాలె?"

నేను చల్లారిన చాయ్ గ్లాసును పక్కకు జరిపాను. ఆయనే మళ్లీ, "కొయ్యలె. పక్కకు పెట్టిన," అన్నాడు. బల్ల మీద ఉన్న పాత ల్యాప్‌టాప్‌ను చూపించి, "ఇండ్ల ఉంది. బండిల ఒక్కణ్ణే పోయేటప్పుడు వింట," అన్నాడు.

తిరుగు బస్సులో కూర్చున్నాక నా కోపం పూర్తిగా పోయిందని చెప్పను. కానీ దాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. నాకు అప్పుడే ఇంకో సంగతి కూడా తట్టింది. ఆయన ఎక్కడా, ఏ సభలోనూ, ఏ లగ్గంలోనూ తినడం నేను చూడలేదు. విస్తరి తెచ్చిచ్చినా పక్కనబెట్టి, ఇంటికి పోయి తింటా అనేవాడు. ఇంట్లో వండేవాళ్లు ఎవరని నేనెప్పుడూ అడగలేదు.

తర్వాత సమ్మె రోజులు వచ్చాయి. బస్సులు లేవు, బడులు లేవు. ఒక రోజు జనగామ దగ్గర పెద్ద రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని, బండ్లను ఆపడం. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లందరూ బియ్యం, కూరగాయలు పట్టుకుని వచ్చారు. కొడకండ్ల దిక్కు నుంచి వచ్చిన ట్రాక్టరులోంచి మా అవ్వ కూడా దిగింది. వస్తున్నట్టు నాకు చెప్పలేదు. కొంగు నడుముకు చెక్కుకుని నేరుగా ఒక పొయ్యి దగ్గరకు పోయి, గంజి వార్చే పనిలో పడింది.

అవ్వకు ఆ పాట సంగతి తెలియదు. నేను పాడతానని తెలుసు, ఏం పాడతానో తెలియదు. ఇంట్లో నేనెప్పుడూ పాడలేదు. పాడితే ఆమె ముఖం ఎట్లా చూడాలి?

ఎండ ముదిరింది. అన్నం ఉడుకుతోంది. భాయ్ బండి మీద నుంచి ఆ డప్పు మొదలైంది. నేను జనాన్ని తోసుకుంటూ పరుగెత్తాను.

"బంద్ చెయ్ భాయ్! మా అవ్వ వచ్చింది!"

ఆయన చేయి మీట మీదికి పోయింది. కానీ ఆపలేదు. నా భుజం మీది నుంచి అటే చూస్తున్నాడు. నేను కూడా తిరిగి చూశాను.

అవ్వ గరిటె పట్టుకుని లేచి నిలబడింది. మొదట ఆమెకు అర్థం కాలేదు. ఎవరైనా తనను పిలిచారా అన్నట్టు అటూ ఇటూ చూసింది. నా గొంతు గుర్తుపట్టింది. తర్వాత మాట గుర్తుపట్టింది. చుట్టూ ఆడవాళ్లు వలయం కట్టి చప్పట్లు కొడుతూ, బువ్వ యాళ్లకు రారాదా, రారాదా అని తిరుగుతున్నారు. ఆమె ఆ వలయం మధ్యలో కదలకుండా నిలబడింది. నేను దగ్గరకు పోయి చేయి పట్టుకున్నాను.

"అవ్వా, ఆపుమంట ఉండు."

"ఎందుకు?" అంది. కళ్ల నిండా నీళ్లున్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "ఇన్నేండ్లు నేనొక్కదాన్నే పిలిచిన బిడ్డా. ఒక్కదాని గొంతు ఎంత దూరం పోతది? గింత మంది పిలుస్తాండ్రు. పిల్వనీ."

ఆమె పాదం నేల మీద మెల్లగా లేచి పడడం నేను చూశాను. భాయ్ కూడా చూశాడు. ఆయన చటుక్కున ముఖం పక్కకు తిప్పుకుని, ఏమీ చెడిపోని బాక్సును సరిచేయడం మొదలుపెట్టాడు.

అన్నాలప్పుడు అవ్వ విస్తరిలో అన్నం, పప్పు, పచ్చి పులుసు పెట్టుకుని బండి దగ్గరకు వచ్చింది. "గీ పాట పెట్టింది నువ్వేనట గద తమ్మీ. తిను."

"ఇంటికి పోయి తింట అక్కా."

"ఇంట్ల ఎవరున్నరు?"

ఆయన నా వైపు చూశాడు. "ఎవరు లేరక్కా," అన్నాడు.

అవ్వ అక్కడే రోడ్డు మీద కూర్చుని, ఎదురుగా విస్తరి పెట్టి, మంచినీళ్ల చెంబు పక్కన పెట్టింది. ఆయన కాసేపు నిలబడే ఉన్నాడు. తర్వాత చెవిలో దూది సర్దుకుని, కూర్చుని తినడం మొదలుపెట్టాడు. తల ఎత్తకుండా తిన్నాడు. అవ్వ మారు వడ్డించింది. వద్దనలేదు.

రాష్ట్రం వస్తుందని ఖాయమైన రోజున నాకు ఆయన ఫోన్ వచ్చింది. ఎత్తితే మాటలేమీ లేవు. ఫోన్‌ను బాక్సు దగ్గర పెట్టి పట్టుకున్నాడు. మానుకోట బజారంతా రారాదా అని అరుస్తున్న హోరు. రారాదా అనడం ఆపి, వచ్చింది, వచ్చింది అని ఎవరో మార్చారు. ఆ హోరు మధ్యలో ఆయన దగ్గు మాత్రం గుర్తుపట్టాను.

తర్వాత రోజులు ఆయనకు అనుకూలించలేదు. లైట్లు తిరిగే పెద్ద పెద్ద డీజే బండ్లు వచ్చాయి. "గిప్పుడు పాటకు కాళ్లు అక్కర లేదు బేటీ. గుండె గుద్దితే సాలు," అనేవాడు. కుడి చెవి కూడా మందగించింది. దుకాణం ఎత్తేసి, భూపాలపల్లిలో కూతురు దగ్గరకు పోయాడు. అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. గట్టిగా మాట్లాడమనేవాడు. నేను బడి మైదానం చివరకు పోయి అరిచినట్టు మాట్లాడితే, పిల్లలు, "ఎవరితో కొట్లాడుతున్నారు టీచర్?" అని అడిగేవాళ్లు.

పోయిన చలికాలం మొదట్లో ఫోన్ చేసి, "ఒక్కసారి రా బేటీ. పనుంది," అన్నాడు. ఏం పని అంటే చెప్పలేదు.

నేను అప్పటిదాకా భూపాలపల్లి చూడలేదు. నాయిన పోయిన ఊరని ఎందుకో అటు పోబుద్ధి కాలేదు. బస్టాండులో భాయ్ కర్ర పట్టుకుని నిలబడ్డాడు. జేబులో పట్టుకారు లేదు, చొక్కా తిన్నగా ఉంది. ఆ తిన్నదనం చూస్తే నాకు దుఃఖం వచ్చింది. నన్ను ఆటోలో గని వైపు పోయే రోడ్డు మీద ఒక చాయ్ హోటలుకు తీసుకుపోయాడు. బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు.

"గీ హోటల్ల రోజు కూసుంట," అన్నాడు భాయ్. "బాయి పని చేసి రిటైరైనోళ్లంత గిక్కడికే వస్తరు. కొడకండ్ల దిక్కు కెళ్లి వచ్చి కాంట్రాక్టుల చేసినాయన ఎవరికన్న యాదికున్నడా అని అందర్ని అడిగిన. గీ పెద్దమనిషి దొరికిండు."

ముసలాయన నన్ను చాలాసేపు చూశాడు. "కింది పెదవి మీద గాయన మచ్చనే. గాయన బిడ్డవా?" అన్నాడు.

అవునన్నాను.

"మంచిగ నవ్వేటోడు. అన్నం మంచిగ తినేటోడు. గని చీకటంటే భయం మీ నాయినకు."

"బాయిల పని చేసుకుంటనా?"

"గదే మరి. నెత్తి మీద లైటున్నా భయమే. దిగేటప్పుడు ఎన్క కెళ్లి నా భుజం పట్టుకునేటోడు. గట్టిగ గాదు. గిట్ల, నాలుగు వేళ్లు ఆనిచ్చినట్టు. ఎవ్వరికి చెప్పకు అనేటోడు. నేను చెప్పలే. నీకే చెప్తాన్న."

"ఏ భుజం?"

ఆయన కుడి భుజం మీద తట్టి చూపించాడు. నేను లేచి వెనక్కి పోయి, ఆ భుజం మీద నా వేళ్లు ఆనించాను. పాత ఉన్ని కోటు, దాని కింద సన్నని ఎముక. ముసలాయన కదలలేదు. చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని, నేను తీసేదాకా అట్లాగే కూర్చున్నాడు. భాయ్ హోటలు అతన్ని, చాయ్‌లో చక్కెర ఎక్కువేశావని గట్టిగా తిడుతున్నాడు.

ఆ ఆదివారమే ఊరికి పోయి అవ్వకు చెప్పాను. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. చేతులు ఆగిపోయాయి.

"నాతోని గూడ గంతేనే," అంది. "చీకటి పడ్డంక చేను కాడికెళ్లి వచ్చేటప్పుడు నా భుజం మీద చెయ్యేసి నడిచేటోడు. నేను పడిపోతనేమో అని పట్టుకున్నడనుకున్న. ఇన్నేండ్లు గదే అనుకున్న."

అని నవ్వింది. నాయిన మాట వచ్చినప్పుడు ఆమె అట్లా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది.

వాకిట్లోకి వచ్చి భాయ్‌కి ఫోన్ చేశాను. అవ్వ అన్న మాటలన్నీ, ఒక్కటి కూడా వదలకుండా, గొంతెత్తి చెప్పాను. లైను పోయిందనుకున్నాను.

"భాయ్? వినపడిందా?"

"వినపడ్డది."

మేమిద్దరం మాట్లాడుకోవడం అదే ఆఖరుసారి అవుతుందని నాకప్పుడు తెలియదు.

"గీ మాటను మాత్రం పాట చెయ్యకు బేటీ," అన్నాడు. "మీ అవ్వ కాడనే ఉండనీ."